అరికాలి కబురు

మా అక్క పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ ఎవరో ఒకరు రేవుకి వచ్చి, "డేగమ్మ పడవ ఎక్కడండీ?" అని నా టీ కొట్టు దగ్గరే అడుగుతారు. మెళ్ళో బైనాక్యులర్లు వేసుకుని, వాన లేకపోయినా వానకోటు తొడుక్కుని, ఎంతో దూరం నుంచి వచ్చి ఉంటారు పాపం. వాళ్ళ తప్పేముంది? అయినా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "డేగమ్మా లేదు, పడవా లేదు. టీ తాగుతారా?" అని కసిరినట్టే అంటాను. ఆ తర్వాత గ్లాసులు కడిగే నెపంతో అటు తిరుగుతాను.

డేగమ్మ అంటే మా అక్కే. ఆవిడ కంటి చురుకు చూసి ఆ పేరు రేవులో వాళ్ళు పెట్టారు. ఆ చిత్తడి నేలల్లో, రెల్లు పొదల మధ్య కాలవల్లో, పక్షుల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళని పడవలో తిప్పడం అక్కా బావల పని. బావ వెనకాల నిలబడి గెడ వేసి పడవ తోసేవాడు. అక్క ముందు కొసన కూర్చుని వెతికేది. ఏళ్ళ తరబడి అదే బతుకు. ఆ చివరి చలికాలమంతా మాత్రం వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఎందుకు మాట్లాడుకోలేదో తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది.

అక్కకి పక్షుల గురించి అంతా తెలుసని గొప్పలు చెప్పను. ఒక్కదానికీ పుస్తకంలో పేరు తెలీదు. అన్నింటికీ చుట్టాల పేర్లు పెట్టుకుంది. గొంతు కింద సంచి వేలాడే గూడబాతు మా పెదనాన్న. తామరాకుల మీద పొడుగాటి వేళ్ళేసుకుని ఆచితూచి నడిచే పిట్ట కొత్తకోడలు. మోడు మీద కూర్చుని తడిసిన రెక్కలు ఆరబెట్టుకునే నల్లపిట్ట ఆ కోడలికి అత్తగారు. "ఎప్పుడు చూడు, బట్టలారేసుకోవడమే!" అని నవ్వేది. పడవెక్కినవాళ్ళు పుస్తకం తిరగేసి అసలు పేరు చెబితే, "అబ్బో, ఇంత పిట్టకి అంత పేరా!" అని ఆశ్చర్యపోయి, మర్నాటికల్లా మర్చిపోయేది. పడవలో కూర్చున్నంతసేపూ నోరు మూసుకోవాలి కదా, ఆ మాటలన్నీ దాచుకుని దాచుకుని సాయంత్రం నా కొట్టుకొచ్చి కుమ్మరించేది. ఆవిడ వాగుడు భరించలేక, "అక్కా, నీకు దండం పెడతాను, కాసేపు పిట్టలున్నాయనుకుని ఊరుకోవే" అనేదాన్ని.

బావ అందుకు పూర్తిగా ఎదురు. నోట్లో నాలుక లేని మనిషి. ఆకలేస్తే కూడా కంచం ముందుకు జరుపుతాడు తప్ప అన్నం పెట్టమని అడగడు.

వాళ్ళ పడవలో ఒక వింత ఉంది. అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి అతుకు లేని ఒకే పలక. బావ చెప్పులు లేకుండా దాని మీద నిలబడతాడు. అక్క చెప్పులు లేకుండా దాని మీదే కాళ్ళానించి కూర్చుంటుంది. మధ్యలో బల్లల మీద కూర్చున్నవాళ్ళ పాదాలు మేమిచ్చిన రబ్బరు బూట్లలో ఉంటాయి కాబట్టి వాళ్ళకేం తెలీదు. బావ నిలబడి ఉంటాడు, రెల్లు మీదుగా దూరం చూడగలడు. కుడివైపు ఏదైనా కనిపిస్తే మడమతో పలక మీద ఒక దెబ్బ, ఎడమవైపైతే రెండు. చెవికి వినపడదు. అరికాలికి తెలుస్తుంది. అక్క అటు తిరిగి, పక్షి పొద కింద ఎక్కడ నక్కిందో కనిపెట్టి, మెల్లగా చెయ్యెత్తి చూపించేది. ఆగమని చెప్పాలంటే తన మడమతో ఒకసారి కొట్టేది. ఇద్దరికీ నోటి పని లేదు. చూసేవాళ్ళకి అదేదో మంత్రంలా ఉండేది.

మూడు దెబ్బలు మాత్రం పక్షుల కోసం కాదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అక్క అలిగి, రోజంతా వెనక్కి తిరిగి చూడలేదట. క్షమించమనడానికి మా బావకి నోరెక్కడిది? మడమతో మెత్తగా మూడుసార్లు తట్టాడట. 'చాల్లే, ఇటు తిరుగు' అని దానర్థం. అక్క ముందు బెట్టు చేసి, చేసి, చివరికి తన మడమతో ఒకటి కొట్టి, వెనక్కి తిరిగి నవ్విందట. ఆ తర్వాత ఎన్ని గొడవలు రాలేదు! అన్నీ ఆ మూడు దెబ్బలతోనే తీరేవి. నాతో చెబుతూ అక్క మురిసిపోయేది. "మీ ఆయన పువ్వులు తెస్తాడేమో, మా ఆయన తడతాడే" అనేది.

ఇక ఆ గొడవ సంగతి. వానలు వెనకపట్టి, వలస బాతులు దిగే రోజులు. ఒక ముసలాయనా, ఆయన భార్యా దొంగకొంగ కోసం వచ్చారు. రెల్లులో మెడ నిటారుగా చాచి, తానూ ఒక రెల్లు పుల్లేనన్నట్టు నిలబడిపోయే గోధుమరంగు కొంగ అది. కళ్ళెదుట ఉన్నా కనపడదు. మా వాళ్ళు పెట్టిన పేరు దొంగకొంగ. ఆ దంపతులు అంతకుముందు ఎన్నిసార్లు వచ్చినా దాన్ని చూడలేదు. ఈసారి అక్కకి కనపడింది. ఆగమని మడమతో కొట్టానంటుంది అక్క. తనకి ఏమీ అందలేదంటాడు బావ. గెడ బలంగా వేశాడు, పడవ సర్రున పొదలోకి దూసుకుపోయింది, కొంగ లేచిపోయింది. ముసలావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా బావ, జన్మకో మాట మాట్లాడే మనిషి, ఆ రోజే నోరు తెరిచాడు. "దీనికి వయసైపోయిందండీ. ఇంక ఇంట్లో కూర్చోబెట్టాలి" అన్నాడు, అందరి ముందూ.

సాయంత్రం అక్క నా కొట్టుకొచ్చి కూర్చుంది. ఎప్పుడూ లేనిది, మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది. చివరికి, "నేను కొట్టానే చిన్నదానా, ఒట్టు, గట్టిగా కొట్టాను. నన్ను పట్టుకుని ఇంట్లో కూర్చోబెడతాడట" అంది.

"రెండ్రోజులు ఉప్పు లేకుండా వండి పెట్టు, ఆయనే దిగొస్తాడు" అన్నాను.

"ఆయనకి ఉప్పు లేదని తెలిస్తేగా!" అని నవ్వబోయి ఏడ్చింది.

దిగొస్తాడనే అనుకున్నాం. రోజులు గడిచాయి. వాళ్ళిద్దరిదీ పడవ తాళ్ళు దాచే షెడ్డు వెనక ఒకే గది. గోడకి మేకులు కొట్టి యాత్రికుల లైఫ్ జాకెట్లు వేలాడదీస్తారు, మంచం కింద రబ్బరు బూట్లు వరసగా పేరుస్తారు. ఎప్పుడూ తడి రబ్బరు వాసన. తిరిగితే ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలే ఆ గదిలో, మొగుడూ పెళ్ళాలు మూతులు ముడుచుకుని నెలల తరబడి బతికారు. కబుర్లన్నీ నా ద్వారానే. "మీ బావకి చెప్పు, పొద్దున్నే నలుగురొస్తున్నారని." "మీ అక్కకి చెప్పు, మాత్ర వేసుకోమని." అక్కకి షుగరుంది. గుర్తుంటే మాత్ర వేసుకునేది, లేకపోతే లేదు. నేను విసిగిపోయి, "నేనేమైనా మీ టెలిఫోన్ తీగనా? ఎదురుగా ఉన్నాడుగా, నువ్వే చెప్పుకుని ఏడు!" అని అరిచాను కూడా.

"ముందు ఆయన తట్టాలి" అంది అక్క. "ఎప్పుడూ ఆయనే తడతాడు. ఈసారి తట్టలేదు. రోజూ పడవలో కాళ్ళు పలకకి ఆనించి కూర్చుంటున్నానే. ఎదురు చూస్తూనే ఉన్నాను. ఒక్కటి లేదు. పక్షులున్నా చెప్పడం మానేశాడు. పని దగ్గర కూడా పంతమేనా? వచ్చినవాళ్ళు ఏమీ చూడకుండా పోతున్నారు, నాకు సిగ్గుగా ఉంది."

నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం బావ టీకి వస్తే గ్లాసు ఠక్కున పెట్టి, "అంత రాయివైతే ఎలా బావా? కాస్త తగ్గితే నీ సొమ్మేం పోయింది?" అన్నాను. బావ నా మొహం వంక చూసి, ఏదో అనబోయి, టీ తాగకుండానే లేచిపోయాడు. మనిషి చిక్కిపోయాడని అప్పుడు గమనించాను. అయినా జాలి పడలేదు.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం నేను కొట్టు నేల తుడిచి ఆరబెట్టుకున్నాను. అక్క వచ్చి బెంచీ మీద కూర్చుంది. తిరిగి చూద్దును కదా, గుమ్మం దగ్గర్నుంచి బెంచీ దాకా, అడుగు వేసిన చోటల్లా ఎర్రటి మరక. పరుగెత్తుకెళ్ళి అక్క కాలు ఎత్తి నా ఒళ్ళో పెట్టుకున్నాను. అరికాల్లో గాలం ముల్లు. చేపలు పట్టేవాళ్ళు తెంచి పారేసింది, మొదలంటా దిగిపోయి ఉంది. వేళ్ళ సందుల్లో ఎప్పటివో పుళ్ళు, నల్లబడిపోయి. వాసన. పళ్ళు బిగబట్టి పట్టకారుతో ఆ ముల్లు లాగాను. లాగుతుంటే నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క టీ ఊదుకుంటూ, "కిందేం చేస్తున్నావే?" అంది.

నేను ముల్లు చూపించాను. నవ్వింది. "నా కాల్లోదా? నీళ్ళలో నాని నాని మొద్దుబారాయిలే" అంది.

నెత్తీ నోరూ బాదుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళాను. బావ కూడా వచ్చాడు, మా వెనకాలే, దూరంగా. పొడుగాటి వరండా, ఫినాయిలు వాసన, గోడ వారన మా లాంటి వాళ్ళ బారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మర్యాదస్తురాలు. అక్కని బల్ల మీద పడుకోబెట్టి, "కళ్ళు మూసుకోండమ్మా. కాలికి ఎక్కడ తగిలినా చెప్పండి" అంది. సూదిమొన లాంటిదొకటి తీసి బొటనవేలి మీద ఆనించింది. అరికాలి మధ్య ఆనించింది. మడమ మీద గుచ్చింది. రెండో కాలికీ అలాగే. అక్క కళ్ళు మూసుకుని బుద్ధిగా పడుకుంది. ఎంతసేపటికీ ఏమీ అనలేదు.

కాసేపాగి, "మొదలుపెట్టండి డాక్టరుగారూ, నేను తయారుగానే ఉన్నాను" అంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ బావ తలుపు పట్టుకున్నాడు. "ఈ కాళ్ళకి తెలియడం మానేసి ఎన్నాళ్ళయి ఉంటుందమ్మా?" అని అడిగాడు. డాక్టరమ్మతో, అంతమంది ముందు, తనంతట తాను మాట్లాడాడు.

"చెప్పలేమండీ. మెల్లమెల్లగా పోతుంది, మనిషికి తెలియదు. చాలా నెలలై ఉంటుంది."

"వానలు వెనకపట్టినప్పటికే పోయుంటుందా?"

"పోయుండొచ్చు."

బావ గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు. "నేను తట్టానే" అన్నాడు. "రోజూ తట్టాను. మూడేసి, మూడేసి. నువ్వు తిరగలేదు. పక్షుల్ని చూపించడానికి తట్టినా తిరగలేదు. నా మొహం చూడ్డం ఇష్టం లేదేమో అనుకున్నాను."

అక్క కళ్ళు తెరిచింది. నెలల తర్వాత ఆయన వంక నేరుగా చూసింది. "ఎప్పుడు తట్టావయ్యా?"

"రోజూ."

"పిచ్చి మనిషీ, నోటితో అంటే ఏం పోయేది?"

"నువ్వు అడిగితే ఏం పోయేది?"

ఇద్దరి మధ్యా నేను నిలబడి ఉన్నాను. పట్టలేని ఏడుపొచ్చింది. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు. ఒకే పలక మీద కాళ్ళు పెట్టుకుని, ఒకరి కోసం ఒకరు ఎదురు చూస్తూ ఒక కాలమంతా తగలేశారు. ఆ మొదటి రోజు ఆగమని అక్క కొట్టిన దెబ్బ కూడా ఏ తాడు చుట్ట మీదో పడుంటుంది. పలకకి తగిలిందో లేదో ఆ మడమకి తెలిస్తేగా!

చీము మోకాలి దాకా పాకిందనీ, వెంటనే కాలు తీసెయ్యాలనీ చెప్పారు. అక్క ఏడవలేదు. "ఒక కాలుంటే చాల్లే, కూర్చుని చూసే పనేగా" అంది. స్ట్రెచర్ మీద తోసుకెళుతుంటే బావ పక్కనే నడిచాడు, అక్క చెయ్యి పట్టుకుని. తలుపు దగ్గర ఆపమని, అక్క ఆయన్ని చూసి ఒక కన్ను చికిలించింది. ఆవిడ వేళాకోళం నాకు తెలుసు.

"నా కాళ్ళు అంత చచ్చిపోలేదులేవయ్యా. నువ్వే మెల్లగా తట్టుంటావు" అంది.

అదే ఆఖరి మాట. లోపల చేసేది చేశారు గానీ, విషం అప్పటికే రక్తంలో కలిసిపోయింది. ఆ తర్వాత జ్వరంలోనే ఉంది, మమ్మల్ని పోల్చుకోలేదు. బావ ఆవిడ మంచం ఇనుపకమ్మి మీద వేళ్ళతో మూడేసి దెబ్బలు కొడుతూ కూర్చున్నాడు. నర్సులు కూడా వద్దనలేదు. బదులు రాలేదు. అలాగే పోయింది మా అక్క.

బావ పడవని ఒడ్డుకి లాగి బోర్లా పడేశాడు. పక్షుల రోజులు వచ్చాయి, పోయాయి. ఇంకెవరినైనా ముందు కూర్చోబెట్టుకోమని రేవులో వాళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. ఉలకలేదు, పలకలేదు. పొద్దున్నే వచ్చి బోర్లించిన పడవ మీద కూర్చుని, మడమతో దాని పక్కన నేలని తడుతుండేవాడు. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. జనం మతి పోయిందన్నారు. నాకు మాత్రం తెలుసు. 'మెల్లగా తట్టుంటావు' అని ఆవిడ నవ్వులాటకి అన్న మాట ఆయన గుండెలో గాలం ముల్లులా దిగిపోయింది.

మొన్న ఎండ వాలుతుండగా బావ కొట్టుకొచ్చాడు. పడవ నీళ్ళలో దింపి ఉంది. "చిన్నమ్మాయ్, ఒక్కసారి వస్తావా? ముందు కూర్చోవాలి" అన్నాడు.

నాకు నీళ్ళంటే చచ్చేంత భయం. రేవు పక్కనే ఇన్నేళ్ళు బతికినా ఒక్కసారి పడవెక్కిన పాపాన పోలేదు. నోటిదాకా వచ్చింది కుదరదని. ఆయన మొహం చూశాను. పొయ్యి ఆర్పేసి, చెప్పులు ఒడ్డున విడిచి, రెండు చేతులతో అంచులు పట్టుకుని ముందు కొసన కూర్చున్నాను. మా అక్క కూర్చుని కూర్చుని ఆ చెక్క నున్నగా అరిగిపోయి ఉంది.

పడవ రెల్లులోకి వెళ్ళింది. తామరాకుల మీద కొత్తకోడలు పరుగెత్తింది. మోడు మీద అత్తగారు రెక్కలారేసుకుంటోంది. అక్క చెప్పినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ నాతో వాగిందంతా నిజమేనన్నమాట. నాకు కళ్ళు మసకబారాయి.

కాలవ మలుపులో బావ గెడ ఆపాడు. పడవ నిలిచింది.

"అప్పుడు ఎలా తట్టానో అలాగే తడతాను. ఎక్కువా కాదు, తక్కువా కాదు. నీకు తెలిస్తే తెలిసిందను. తెలియకపోతే తెలియలేదని చెప్పు, నన్ను చూసి జాలిపడి అబద్ధమాడకు" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు.

నేను రెండు పాదాలూ పలకకి ఆనించి కూర్చున్నాను. చెవికేమీ వినపడలేదు. రెల్లులో గాలి, అంతే. అప్పుడొచ్చింది. ఒకటి. రెండు. మూడు. చెక్కలోంచి పాకి అరికాలిని పట్టుకుని, చీలమండ దాటి ఎముక దాకా వచ్చింది. ప్రాణమున్న కాలికి ఇది తెలియకపోవడమనేది ఉండదు. ఇది తెలిసి కూడా వెనక్కి తిరగని మనిషంటే కక్షతో కూర్చున్న మనిషే అయుండాలి. ఆ చలికాలమంతా బావ, వెనకాల నిలబడి, తిరగని ఆ వీపుని చూశాడు.

"తెలిసిందా?" అన్నాడు వెనక నుంచి.

"తెలిసింది బావా. మెల్లగానా, నా మొహం! ఎముకలు కదిలేలా తట్టావు" అన్నాను.

గెడ పడవలో పడిన చప్పుడైంది. ఆ తర్వాత ఆయన ఏడుపు. ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో గానీ, మట్టిలో పెట్టేటప్పుడు గానీ ఏడవని మనిషి, వెనకాల కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కొంగలు లేచిపోయాయి. లేస్తే లేవనీ.

నేను కాలెత్తి, మడమతో పలక మీద గట్టిగా ఒకటి కొట్టాను. అది మా అక్క బాకీపడ్డ దెబ్బ. తర్వాత వెనక్కి తిరిగాను.